కేరాఫ్ బుల్లియ్య

బుల్లియ్యతోనే మొదలుపెడతాను. నాకు కోపం ఉన్న మగవాళ్ళలో పేరు పెట్టి తిట్టడానికి వీలున్నవాడు అతనొక్కడే. బుల్లియ్య అని ఎన్నిసార్లయినా అనొచ్చు, రాయొచ్చు, గోడ మీద బొగ్గుతో గీయొచ్చు. ఎవరికీ ఏమీ కాదు. రెండో మనిషి దగ్గర ఆ సుఖం లేదు. ఆయన పేరు నేను నోటితో పలకకూడదు, చేత్తో రాయకూడదు. పెళ్ళయిన రోజు నుంచీ ఆయన మా ఇంటాయన. ఒళ్ళు మండిపోతున్నప్పుడు కూడా మా ఇంటాయనే.

ఈ నియమం మా అత్త వెంకటరత్నమ్మ పెట్టింది. మా మామగారి పేరు గోవిందు. భీమిలిలో భజన జరిగి ఊరంతా గోవిందా అని కేక వేస్తే మా అత్త పెదవులు బిగించి చేతులు మాత్రం పైకెత్తేది. మొగుడి పేరు పెళ్ళాం నోట పడితే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని నాకు చెప్పింది ఆవిడే. మామగారు పోయాక వచ్చిన మొదటి ఏకాదశికి ఆవిడ భజనలో కూర్చుని అందరికంటే గట్టిగా గోవిందా అంది. అంతవరకు ఆవిడ గొంతు అంత పెద్దదని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నాకప్పుడు పదహారేళ్ళు. నవ్వు రావలసింది, భయం వేసింది.

తరవాత మేం బర్మా దేశం, రంగం వచ్చేశాం. బోటాటౌంగ్ రేవు వెనక సందులో ఇల్లు. మా ఇంటాయన రేవులో టాలీ గుమాస్తా, ఓడలోకి ఎక్కే బియ్యం బస్తాలకి కాగితం మీద గీతలు పెట్టడం ఆయన పని. ఆ జీతం చాలదని ఇంట్లో బస తెరిచాడు. పెళ్ళాం బిడ్డల్ని ఊళ్ళో వదిలి స్టీమరెక్కి రేవు కూలికి వచ్చిన కళాసీలు పూటకింతని మాట్లాడుకుని మా వసారాలో తిని పోతారు. బస ఆయనది. నెలాఖరున డబ్బు ఆయన చేతిలో పెడతారు. బియ్యం కడిగేది, చేప తోమేది, పళ్ళేలు ఎత్తేది నేను. ఒకసారి నాకు చలిజ్వరం వచ్చి మంచం దిగలేకపోతే ఆయన వసారాలోకి వెళ్ళి, ఈ పూట బస లేదర్రా అని చెప్పాడు. లోపల పడుకుని ఆ మాట విన్నాను. బస అంటే ఏమిటో ఆయనకి తెలుసన్నమాట అనుకున్నాను.

భీమిలి మిషను బడిలో నేను నాలుగో తరగతి దాకా చదివాను. అందుకని కళాసీల ఉత్తరాలు రాసిపెట్టడం కూడా వంటతో పాటు నాకే వచ్చింది. ఊళ్ళో ఉన్న పెళ్ళానికి చెప్పవలసిన మాటలన్నీ చెప్పేవారు, ఆవు ఈనిందా, దగ్గు తగ్గిందా, పిల్ల నడుస్తోందా అని. కవరు మీద మాత్రం పెళ్ళాం పేరు ఒక్కడూ రాయించలేదు. తండ్రి పేరో, అన్న పేరో, ఎవరూ లేకపోతే కరణం గారి పేరో రాయమనేవారు. ఆడమనిషి పేరుతో ఉత్తరం వస్తే ఊళ్ళో ఏమనుకుంటారని. వచ్చిన జవాబులు కూడా ఎవడిచేతో రాయించినవే. వాటిల్లో ఆ ఆడవాళ్ళ మాట ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎప్పుడైనా చివర్న ఒక వాక్యం దొరికేది. "నీవు వచ్చినా రాకపోయినా మేకను అమ్మను" అని ఒకామె రాయించింది. ఆ వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. బియ్యం ఏరుతున్నా అదే, వీశెల వీశెల ఉల్లిపాయలు తరుగుతున్నా అదే.

ఆ మేక మనిషి నా చేతిలో పైడితల్లి అయింది. పైడితల్లి మేకని అమ్మి స్టీమరెక్కి మొగుణ్ణి వెతుక్కుంటూ రంగం వస్తుంది. మొగుడు బర్మా మనిషితో కాపురం ఉంటాడు. ముందు ఇద్దరాడవాళ్ళూ కొట్టుకుంటారు, తరవాత ఆ మొగుడు ఇద్దరికీ చెప్పకుండా మూడో ఊరు పోతాడు, తరవాత ఇద్దరూ కలిసి కూటి దుకాణం పెట్టుకుంటారు. కథ ఇంతే. మధ్యాహ్నం రెండో వాయి దింపాక, సాయంత్రం పొయ్యి రాజేసే లోపల, అటక నిచ్చెన కింద కూర్చుని రాసేదాన్ని. మా ఇంటాయన పొయ్యి రాజేసుకోమని రేవు నుంచి తెచ్చే పాత టాలీ కాగితాల వెనక రాశాను. ఒకవైపు ఆయన పెట్టిన గీతలు, ఒకవైపు పైడితల్లి. ఆయన చూశాడు, చూడకపోలేదు. మొదట్లో పద్దు అనుకున్నాడు. కథ అని తెలిశాక, రాస్తే కూడుడుకుద్దేటే అన్నాడు. కూడు ఆ వేళప్పటికే ఉడికి ఉంది, వార్చి కూడా ఉంది. ఆయన దాన్నే తింటూ ఆ మాటన్నాడు.

డా మ్యా గురించి ఇక్కడే చెప్పాలి. మా పక్కింటి బర్మా ఆవిడ, డా అంటే వాళ్ళలో గారు అన్నట్టు, సందు మొగలో పొద్దున్నే చేపల పులుసులో సేమియా వేసే మొహింగా అమ్ముతుంది. చేపలకి ఇద్దరం కలిసి చిమిండైంగ్ బజారుకి వెళ్ళేవాళ్ళం. ఆవిడ మొగుడు సంపాను పడవ నడుపుతాడు. కో ఫో థిన్ అని ఆవిడ వీధంతా వినబడేలా పిలుస్తుంది. కో ఫో థిన్ నీళ్ళు తే, కో ఫో థిన్ నీ బుర్రలో ఏముంది, కో ఫో థిన్ అన్నం చల్లారిపోతోంది. నేను మా ఆయన్ని పేరుతో ఎందుకు పిలవనని ఒకనాడు బజారు దారిలో అడిగింది. ఆయుష్షు సంగతి నాకు వచ్చిన ముక్కల బర్మాలో చెప్పాను. ఆవిడ గంప దించి నడి బజారులో నిలబడి నవ్వింది. ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్నానమ్మా, ఇంకా నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాడు అంది. పెళ్ళయ్యాక కూడా ఆవిడ పేరు మ్యాయే, ఇల్లు ఆవిడ పేరునే ఉంది, ఉత్తరం వస్తే పోస్టుమాను ఆవిడ చేతికే ఇస్తాడు. అవన్నీ వాళ్ళ ఆచారాలు అనుకున్నాను అప్పుడు. మన ఆచారాలు మనవి.

బుల్లియ్య వచ్చింది పందొమ్మిదివందల ఇరవయ్యారు వానల ముందు. పుస్తకాల ఏజెంటు. రాజమండ్రి, మద్రాసు, బెజవాడ గ్రంథమాలల పుస్తకాలు పెట్టెలో వేసుకుని స్టీమరు దిగి, రంగంలో తెలుగువాళ్ళ దగ్గర చందాలు కట్టించుకుంటాడు. ఇన్సేన్‌లో రైలు కార్ఖానా వాళ్ళ లైన్లలో గది తీసుకున్నాడు గానీ రేవు వైపు వచ్చిన రోజున భోజనం మా బసలోనే. డబ్బివ్వడు. నన్ను చెల్లమ్మా అంటాడు. చెల్లెలి ఇంట అన్నం తిని డబ్బిస్తే చెల్లెలికి అవమానమట.

నిచ్చెన కింద కాగితాలు చూసి అడిగి తీసుకుని చదివాడు. చేయి కడుక్కోకుండానే చదివాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. చదివి, ఇలా టాలీ కాగితాల మీద పంపితే అచ్చు వాళ్ళు ముట్టుకోరు చెల్లమ్మా అన్నాడు. తెల్ల కాగితం కావాలి, ఒకవైపే రాయాలి, వెనకవైపు రాస్తే అక్షరాలు పేర్చేవాడు తిట్టుకుంటాడు. మొత్తం ఎవరికీ పంపకూడదు, మొదటి భాగం పంపి, కథ ఇదీ అని మనవి ఉత్తరం జత చేయాలి. వాళ్ళకి రుచిస్తే మిగతాది అడుగుతారు. అడిగారంటే సగం అచ్చయినట్టే. రాజమండ్రి, మద్రాసు, బెజవాడ ముగ్గురికీ తనే పంపుతానన్నాడు, వాళ్ళంతా తనకి తెలిసినవాళ్ళేనన్నాడు, వచ్చినదాంట్లో తనకి ఏజెంటు వాటా ఉంటుందన్నాడు. బర్మాదాన్ని మంత్రగత్తెని చేసి పైడితల్లిని చివర్న ఏట్లో పడేస్తే చదివినవాళ్ళు ఏడుస్తారని కూడా చెప్పాడు. అది నేను విననట్టు కాగితాలు సర్దుకున్నాను.

కాగితం ఎలా కొన్నానంటే, గంజి అమ్మి. అంతమందికి వార్చిన గంజి అంతవరకు కాలవలో పోసేదాన్ని. చాకలి లైన్లో చిన్నతల్లి అని మా వైపు మనిషే, బట్టలకి పెట్టుకోవడానికి కావాలని కుండతో వచ్చేది. ఊరికే ఇచ్చేదాన్ని. ఆ నెల నుంచి డబ్బడిగాను. నాకు గంజికి డబ్బడగడం సిగ్గనిపించింది గానీ ఆమె ఏమీ అనుకోకుండా ఇచ్చింది. బస అన్నం ఆయనదైనా గంజి ఎవరిదో ఎవరూ నిర్ణయించి ఉండలేదు. దస్తా కాగితం వచ్చినప్పుడల్లా ఒకవైపే రాస్తూ, వెనక అంత తెలుపూ వృథా అవుతుంటే తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. మూడు కట్టలు చేశాను, ముగ్గురికీ ఒకటే మొదటి భాగం, మూడుసార్లు రాసింది.

ఇబ్బంది మనవి ఉత్తరం దగ్గర వచ్చింది. కింద నా పేరు రాశాను, గంగాభవాని అని. బుల్లియ్య తల అడ్డంగా ఊపాడు. ఎవరి తాలూకు అని లేని ఆడమనిషికి పెద్దమనుషులెవరూ జవాబు రాయరన్నాడు. జవాబు వస్తే ఏ పేరున రావాలి? నేను కలం కింద పెట్టేశాను. ఆ పేరు రాయాలంటే నా చెయ్యి రాదు. ఆ పూట మా ఇంటాయన తిని లేచాక, ఈ మూడు కాగితాల మీద మీ పేరు మీరే రాసిపెట్టండి అని అడిగాను. ఆయన మంచి ఉషారులోనే ఉన్నాడు. ఆడకతల కింద నా పేరేటే, రేవులో తెలిస్తే నన్ను బతకనిస్తారా అన్నాడు. కలం అందుకోలేదు.

బుల్లియ్యే దారి చూపించాడు. తన పేరు రాసెయ్యమన్నాడు, కేరాఫ్ బుల్లియ్య, ఇన్సేన్ అని. అన్న పేరు రాస్తే తప్పేముంది? నాకు ఎంత తేలికనిపించిందో చెప్పలేను. కేరాఫ్ బుల్లియ్య, కేరాఫ్ బుల్లియ్య, కేరాఫ్ బుల్లియ్య. మూడింటి మీదా గుండ్రంగా రాశాను. ఒక మగవాడి పేరు అంత ధారాళంగా రాయడం నాకు అదే మొదలు. నేను చేసిన తప్పు అది. రంగంలో ఉన్న తెలుగు ఇల్లాలు ఎవరైనా అదే చేసి ఉండేది. ఆ కాగితాలు విప్పే పెద్దమనిషికి ఎలా కనిపిస్తుందో మాత్రం ఏ ఇల్లాలికీ తోచదు.

తరవాత ఎదురుచూడటం. మెయిలు స్టీమరు వచ్చే రోజు మా సందుకి తెలుస్తుంది, కూత వినబడుతుంది. ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు పడేది, లేకపోతే అసలు పడేది కాదు. స్టీమరు వచ్చాక ఉత్తరం ఇన్సేన్ వెళ్ళాలి, ఇన్సేన్ నుంచి బుల్లియ్య ఆకలేసి మా ఇంటికి రావాలి. అంటే నా జవాబు అతని ఆకలి మీద ఆధారపడి ఉంది. అతను వచ్చిన రోజున ముందు అన్నం పెట్టేదాన్ని, తినేదాకా అడిగేదాన్ని కాదు. అడిగితే, రావాలి కదా చెల్లమ్మా అనేవాడు, మజ్జిగ పోసుకుంటూ. వసారాలో కళాసీలు కూడా కనిపెట్టేశారు. అప్పలస్వామి అని ఒక ముసలి కళాసీ, అమ్మగోరి ఓడ ఈ వారం కూడా రేవు పట్టనేదర్రా అనేవాడు. వాళ్ళ ఉత్తరాలు రాసినదాన్ని కాబట్టి వాళ్ళకి ఆ ఎదురుచూపు తెలుసు. ఆ మాట నాకు కష్టంగా ఉండేది కాదు. మా ఇంటాయన మాత్రం, కలెక్టరు ఉద్యోగానికి అర్జీ పెట్టిందిరా మీ అమ్మగోరు అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను పులుసు పోసేదాన్ని.

ముందు మద్రాసు నుంచి వచ్చింది. బుల్లియ్యే చదివి వినిపించాడు. దస్తూరీ ముచ్చటగా ఉన్నదనీ, ఇట్టి కథలు స్త్రీలకు తగవనీ, ఊరగాయల మీద గ్రంథమేదైనా రాసి ఉన్నచో పంపవచ్చుననీ. మా ఇంటాయనకి అది ఎంత నచ్చిందంటే ఆ వారమంతా, మా గ్రంథకర్త ఊరగాయ తే అన్నాడు. బెజవాడ వాళ్ళు కట్ట విప్పకుండానే తిప్పి పంపారని బుల్లియ్య చెప్పాడు. ఆ రెండు కట్టలూ తెచ్చి ఇవ్వమన్నాను. వచ్చేసారి తెస్తానన్నాడు. రాజమండ్రి ఒక్కటే మిగిలింది. దాని గురించి నాకు ఆశ ఉందో లేదో నాకే తెలియదు. బియ్యం ఏరుతూ ఆశ లేదని తేల్చుకునేదాన్ని, కూత వినబడితే చెయ్యి ఆగిపోయేది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం బుల్లియ్య వేళ కాని వేళ వచ్చాడు. కళాసీలు తిని వసారాలోనే పడుకుని ఉన్నారు, మా ఇంటాయన చుట్ట కాలుస్తున్నాడు. బుల్లియ్య జేబులోంచి కవరు తీసి ఎత్తి చూపించాడు. రాజమండ్రి వాళ్ళు మిగతాది అడిగారన్నాడు. నా చేతిలో చీపురుంది. అది ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. చదవమన్నాను. అతను గొంతు సవరించుకుని చదివాడు. వ్రాతప్రతి మొదటి భాగము శ్రద్ధగా చదివితిమి, పైడితల్లి మేకను అమ్ము ఘట్టము మా మనస్సులను కలచినది, తక్కిన భాగమును సంపూర్ణముగా పంపవలెను, బర్మా స్త్రీ పాత్రను ఏమాత్రము మార్చవద్దు. ఆ చివరి ముక్క చదివేటప్పుడు అతని గొంతు కాస్త తగ్గింది.

అతను మొదటి వరస చదవలేదు. ఉత్తరాలు ఎన్నో చదివినదాన్ని, సంబోధన లేకుండా ఉత్తరం ఉండదు. చెయ్యి చాపాను. ఇవ్వడానికి వెనకాడాడు. నా కంటే ముందు మా ఇంటాయన అందుకుని, నవ్వుతూనే పైకి చదివాడు. "మహారాజశ్రీ బుల్లియ్య గారికి నమస్కారములు. మీ సతీమణి గంగాభవాని గారు రచించిన..." అని అక్కడ ఆగిపోయాడు.

వసారాలో పడుకున్నవాళ్ళలో ఇద్దరు లేచి కూర్చున్నారు. ముసలి అప్పలస్వామి గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు దగ్గు కాదని అందరికీ తెలుసు. బుల్లియ్య, వాళ్ళలా అనుకున్నారు బావా, నానేటి సేసేది అన్నాడు. మా ఇంటాయన బుల్లియ్య వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఊరోడి పేరు రాయడానికి సెయ్యాడిందేటే నీకు?"

"మీ పేరు నాను రాయకూడదు గదా. మిమ్మల్నే రాయమన్నాను."

జవాబు లేనప్పుడు ఆయన మంచినీళ్ళడుగుతాడు. అడిగాడు, తెచ్చిచ్చాను. లోపలికి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర బుల్లియ్య పెట్టె తెరిచి ఉంది. పుస్తకాలన్నిటికీ కొత్తగా తెల్ల అట్టలు తొడిగి ఉన్నాయి. ఒకటి తీసి అట్ట లోపలివైపు చూశాను. నా దస్తూరీ. మద్రాసు కట్టో, బెజవాడ కట్టో. రాసినవైపు లోపలికి మడిచి తెల్లవైపు పైకి పెట్టి, చక్కగా అంటించాడు. పుస్తకం పెట్టెలోనే పెట్టేశాను.

మగవాళ్ళిద్దరూ అంత తొందరగా ఎలా సమాధానపడ్డారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను టీ కాచేలోపల అయిపోయింది. ఈ పరువు పోవడం ఆగాలంటే ఒకటే దారట. పుస్తకం మా ఇంటాయన పేరున వెయ్యాలి. ఆయన రాశాడు, నేను నకలు తీశాను, మనవి ఉత్తరం పంపడంలో ఆడమనిషి గనక పొరపాటు పడింది, అని బుల్లియ్య రాజమండ్రికి రాస్తాడు. అప్పుడు నేనెవరి పెళ్ళామో లోకానికి తెలుస్తుంది, బుల్లియ్య వాటా బుల్లియ్యకి ఉంటుంది, నాకు పట్టుచీర వస్తుంది. రేవులో తెలిస్తే నవ్వుతారన్న మాట ఇప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. మేక ఘట్టం మనస్సులను కలచిందని రాజమండ్రి పెద్దమనుషులు రాశాక అవి ఆడకతలు కావు.

నేను ఒక్కమాటే అడిగాను, మరి నా పేరో అని. మా ఇంటాయనకి కోపం కూడా రాలేదు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"నీ పేరూ నా పేరూ యేరేటే?"

బుల్లియ్య అవునవునన్నాడు. తక్కినది తెల్లకాగితం మీద తొందరగా నకలు తియ్యమన్నాడు. మొదటి పేజీ మీద నవల పేరు కింద ఒక గీత జాగా ఖాళీగా వదిలిపెట్టమన్నాడు, అక్కడ బావ స్వయంగా రాస్తాడు, నువ్వు రాయకూడదు కదా అని.

పదిహేను రోజులు నకలు తీశాను. ఎంత ఆలోచించినా ఆ ఒక్క మాట దగ్గరికే వచ్చేదాన్ని. వేరు కాకపోతే నన్నెందుకు పలకనివ్వరు? నా పేరు ఆయన రోజుకి నూరుసార్లు పిలుస్తాడు, ఒసే అని కాకపోతే భవానీ అని, బొగ్గులు అయిపోయాయని, కూర చప్పగా ఉందని. నా ఆయుష్షు ఎంత తరిగిందో ఎవరూ లెక్క చూడలేదు. ఆ పేరు పలకకుండా ఇరవై రెండేళ్ళు నేను కాపాడుతూ వచ్చానని ఆయనకి తెలుసా? గోవిందు మామగారు ఎనభై ఏళ్ళు బతికాడంటే అందులో మా అత్త బిగించిన పెదవుల పాలు ఎంతో కొంత ఉండాలి కదా, మరి ఆవిడకి దానికేం ముట్టింది? ఇలా ఆలోచించుకుంటూ పైడితల్లి, కథలోని బర్మా మనిషి మా ఖిన్ కలిసి దుకాణానికి పొయ్యి వేసుకునే చోటు నకలు తీస్తున్నాను. పొయ్యి మట్టి ఎవరు తేవాలని వాళ్ళిద్దరూ దెబ్బలాడుకుంటారు అక్కడ. నేను రాసిందే, నాకే నవ్వొచ్చింది. గోడకవతల డా మ్యా, కో ఫో థిన్ అని అరుస్తోంది, పడవ తాడు మళ్ళీ ఎక్కడ పారేశావని. అతను ఏదో గొణుగుతున్నాడు. బతికే ఉన్నాడు.

నకలు అయిన రోజు గురువారం. మా ఇంటాయన సాయంత్రం వచ్చి పేరు రాస్తాననీ, శుక్రవారం బుల్లియ్య వచ్చి కట్ట తీసుకుపోతాడనీ అనుకున్నారు. మధ్యాహ్నం వాయి దింపాను. వార్చిన గంజి చిన్నతల్లికి ఇచ్చి ఆ వారం డబ్బు తీసుకున్నాను. తరవాత నిచ్చెన కింద కూర్చుని మొదటి పేజీ తీశాను. నవల పేరు కింద ఒక గీత జాగా. వదిలిపెట్టినదాన్ని నేనే కాబట్టి ఎంత వదలాలో నాకు తెలుసు. గంగాభవాని అని సరిగ్గా పట్టింది.

ఇంకో కాగితం మీద ఉత్తరం రాశాను. మనవి అని మొదలుపెట్టలేదు. "బుల్లియ్య గారు నా భర్త కారు. మా ఇంట భోజనము చేయు ఏజెంటు. ఈ నవల నేను రాసితిని, నా భర్త రాయలేదు. ఆయన అంగీకారము కావలెనన్న ఆయననే అడుగవచ్చును. నా అంగీకారము ఇది. ఆయన పేరు" అని రాసి, కలం ఒకసారి సిరాలో ముంచి, ఆ పేరు రాశాను. నాలుగక్షరాలు. అక్షరాలు కళాసీ వేలిముద్రలా పెద్దగా వచ్చాయి. జవాబుకి చిరునామా కేరాఫ్ డా మ్యా అని పెట్టాను. ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తారు, ఆవిడ నా చేతికే ఇస్తుంది.

పోస్టాఫీసులో గుమాస్తా మన వైపువాడే. కట్ట తూకం వేసి, రిజిస్ట్రీ కాగితం మీద నా పేరు రాసి, తల ఎత్తకుండానే, ఎవరి తాలూకమ్మా అని అడిగాడు. ఆ పేరు స్ఫురించే వస్తువేదైనా చూపించో, మా మరిది పేరు చెప్పి వాళ్ళన్నగారనో తెలియజెయ్యొచ్చు. మా ఆడవాళ్ళంతా అలాగే చేస్తారు, ఆ గుమాస్తాలకి కూడా అది అలవాటే, ఓపిగ్గా ఎదురుచూస్తారు. వెనక వరసలో మా సందు అచ్చమ్మ మనియార్డరు కాగితంతో నిలబడి ఉందని కూడా తెలుసు.

"లింగరాజు," అన్నాను.

గుమాస్తా రాసుకున్నాడు. వెనక అచ్చమ్మ, ఓలమ్మా అంది. అంతే జరిగింది. చీటీ చింపి ఇచ్చాడు. నేను సందు దాకా నడిచి వచ్చి, సాయంత్రం వంటకి చేపలు తోమడం మొదలుపెట్టాను. రేవు వైపు నుంచి ఏ కేకా వినబడలేదు. వినబడుతుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నానని మాత్రం ఒప్పుకుంటాను. రోజూ వచ్చే వేళకే ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. చేప పులుసు వేసుకుని తింటూ, నకలయిపోయిందేటి, కలం తే, పేరు రాసేస్తాను అన్నాడు.

"పంపించేసాను."

"పేరు నేకుండానా?"

"రాసే పంపేను. నాది పైన, మీది ఉత్తరంలో. పోస్టాఫీసులో అడిగితే పలికేను కూడా."

వసారాలో తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆయన ముద్ద నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉన్నాడు. ఒక చెయ్యి గుండె మీదికి వెళ్ళింది, తనకి తెలియకుండానే వెళ్ళింది. కాసేపు అలా చూసుకున్నాడు, లోపల ఏమైనా తేడాగా ఉందేమోనని. అరవబోతాడనుకున్నాను. కొట్టినా కొడతాడనుకున్నాను, దానికి కూడా సిద్ధపడే ఉన్నాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. తరవాత నా మొహం చూడకుండా, పులుసు పొయ్యమన్నాడు.

పోశాను. ఆ పూట మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

రాజమండ్రి జవాబు ఇంకా రాలేదు. మెయిలు స్టీమరు కూత వినబడితే నా చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది. బుల్లియ్య మా గుమ్మం తొక్కడం మానేశాడు, తన పరువు తీశానని ఇన్సేన్ లైన్లన్నిటా చెబుతున్నాడట. చెప్పుకోనీ. అతని తిండి నాకు కలిసొచ్చింది. అతను నాకు పెట్టిన నష్టం వేరే ఉంది. మద్రాసు కట్టా బెజవాడ కట్టా తిప్పి ఇచ్చి ఉంటే వాటి వెనకవైపు ఈపాటికి రెండో కథ మొదలుపెట్టి ఉండేదాన్ని. మొత్తం రెండు దస్తాల నాలుగు ఠావులు, ఒకవైపు తెల్లవి.